'లేదు' అన్నదెవరు?



2020 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఒక చట్టం చేసి గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) కొలువును రద్దు చేసింది. ఊళ్లలో వీఆర్వోల చేతిలో ఉన్న రికార్డులను ఉన్నపళంగా తెప్పించుకున్నారు. అయిదేళ్లు తిరిగేసరికి, 2025 సెప్టెంబరులో, గ్రామ పాలనాధికారులన్న కొత్త పేరుతో వేలమందికి నియామక పత్రాలిచ్చి మళ్లీ ఊళ్లకు పంపారు. వాళ్లలో చాలామంది పాత వీఆర్వోలు, గ్రామ రెవెన్యూ సహాయకులు (వీఆర్ఏలు). మధ్యలో ప్రభుత్వం మారింది కాబట్టి విధానమూ మారిందని సరిపెట్టుకోవచ్చు. అంతకంటే లోతైన కారణం ఉందని నా నమ్మకం. మనిషిని తీసేసి ఆ స్థానంలో కంప్యూటరును పెట్టి చూశాం. చాలా పనులు అది బాగానే చేసింది. చేయలేని పని ఒకటి మిగిలిపోయింది. అదేమిటో గుర్తుపట్టగలిగితే రేపటి రాజ్యం ఎలా ఉండబోతోందో, ఎలా ఉండాలో కొంత తేటపడుతుంది.

రాజ్యం అనగానే మనకు పార్లమెంటు, సైన్యం, సుప్రీంకోర్టు గుర్తుకొస్తాయి. అవన్నీ రాజ్యమే. మామూలు మనిషికి రాజ్యం తగిలే చోటు మాత్రం వేరు. పట్టాదారు పాసుపుస్తకం, రేషను కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, పింఛను, పోలీసు స్టేషను గడప. రాబోయే పాతిక ముప్ఫై ఏళ్లలో రాజ్యం ఏ రూపు తీసుకుంటుంది, ఏ పనులు నెత్తికెత్తుకుంటుంది అన్న ప్రశ్నను ఇవాళ ఆ చోటి నుంచే చూద్దాం.

రెండు వందల ఏళ్ల కిందట ఆ చోట కూర్చున్న మనిషి కరణం. తెలంగాణలో పట్వారీ. 1800లో నిజాం దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక, థామస్ మన్రో అక్కడ ఏడేళ్లు ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేశాడు. బళ్లారి, కడప సీమల్లో పొలం పొలం కొలిపించి, ఒక్కొక్క రైతుతో నేరుగా శిస్తు ఖరారు చేసే రైత్వారీ పద్ధతికి గట్టి పునాది వేశాడు. రాజ్యానికీ రైతుకూ మధ్య జమీందారు ఉండకూడదన్నది ఆయన పట్టుదల. అయితే ఏ పొలం ఎవరు దున్నుతున్నారో, చెరువు కింద ఈ ఏడు ఎంత తడిసిందో కంపెనీ దొరకు తెలియాలంటే కరణం లెక్కలే దిక్కు. జమీందారును పక్కకు తప్పించిన రాజ్యం కరణం మీద ఆనుకుంది. వంశపారంపర్యంగా వచ్చిన కొలువు అది. ఊరి భూముల చరిత్ర అంతా ఆయన ఇంటి పెట్టెలో ఉండేది. అడంగల్‌లో ఒక గీత, పహాణీలో ఒక పేరు అటూ ఇటూ అయితే ఒక కుటుంబం బతుకు తలకిందులయ్యేది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో జనం గడీల మీదకు వెళ్లినప్పుడు అప్పు పత్రాలూ భూమి కాగితాలూ తగలబెట్టారు. ఆ కాగితాల బలం ఎంతటిదో తగలబెట్టిన వాళ్లకు బాగా తెలుసు.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఈ గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కోర్టు ప్రభుత్వాన్నే సమర్థించింది. మరుసటి ఏడాది తాలూకాల స్థానంలో 1,100కు పైగా మండలాలు వచ్చాయి. తాలూకా కచేరీలో పని పడితే ఒక రోజు కూలి పోయేది, బస్సు చార్జీలు అయ్యేవి, ఒక్కోసారి రాత్రి అక్కడే పడుకోవలసి వచ్చేది. మండల కార్యాలయానికి పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇల్లు చేరవచ్చు. ఈ సంస్కరణకు దక్కాల్సినంత పేరు దక్కలేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. రెండు రూపాయల బియ్యం అందరికీ గుర్తుంది, మండలాలు మాత్రం ఎప్పటినుంచో ఉన్నవన్నట్టు మరిచిపోయాం.

ఇది రూపం సంగతి. పని ఎలా మారిందో చూడండి. మన్రో నాటి రాజ్యానికి ముఖ్యమైనవి రెండే: శిస్తు వసూలు, శాంతిభద్రతలు. 1876లో ధాత కరువు వచ్చింది. రాయలసీమతో సహా మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలాదిమంది తిండిలేక, ఆ వెంటే వచ్చిన రోగాలతో చనిపోయారు. కరువు పనికి వచ్చిన కూలీకి ఎంత తిండి గిట్టాలన్నది అప్పట్లో పెద్ద వివాదం. వైస్రాయి పంపగా వచ్చిన రిచర్డ్ టెంపుల్, మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. మద్రాసు శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్, ఆ తిండితో మట్టి మోసే మనిషి బతకడని వైద్యపరమైన లెక్కలు ముందుపెట్టి ఎదురు నిలిచాడు. కొన్ని నెలల తర్వాత కూలి పెంచారు. అప్పటికే ఎన్నో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత 1880 కరువు కమిషను, దాని వెంట కరువు నియమావళి వచ్చాయి. కరువులో మనిషిని బతికించుకోవడం రాజ్యం బాధ్యత అన్న మాట అలా కాగితం మీదకు ఎక్కింది.

కార్నిష్ సంగతి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఆ పౌను కూలి ఎంత క్రూరమైనదైనా, దాన్ని నిర్ణయించిన మనిషి ఎవరో తెలుసు. ఏ లెక్కతో నిర్ణయించాడో తెలుసు. తెలుసు కాబట్టే ఆ లెక్క తప్పని ఇంకొకరు నిలదీయగలిగారు.

తర్వాతి వందేళ్లలో ఆ బాధ్యత ఎంతగానో విస్తరించింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ధాత కరువులో కూలికోసం జనం అలమటించిన సీమలోనే, పని అడగడం హక్కు అని చట్టం చెప్పింది. 2018లో తెలంగాణ రైతుబంధు తెచ్చి ఎకరానికి పంటకు నాలుగు వేలు ఇవ్వడం మొదలుపెట్టింది. పింఛన్లు, ఫీజుల చెల్లింపు, ఆరోగ్యశ్రీ సరేసరి. మన తాతలకు రాజ్యమంటే శిస్తుకు వచ్చే మనిషి. మన పిల్లలకు ఖాతాలో పడే సొమ్ము.

పుచ్చుకునే రాజ్యానికి పొలం తెలిస్తే చాలు. ఇచ్చే రాజ్యానికి మనిషి తెలియాలి. ఈమె ఈమేనా, ఎంత భూమి ఉంది, కొడుకు ఏం చేస్తాడు, నెలకు ఎన్ని యూనిట్ల కరెంటు కాలింది, ఇంటి ముందు కారు ఉందా అన్నీ కావాలి. ఇంత సమాచారం ఏ కరణం పెట్టెలోనూ పట్టదు. అందుకే యంత్రం వచ్చింది. దాన్ని ఎవరో పైనుంచి రుద్దారనడం సగం నిజమే. పేదవాడికి నేరుగా ఇవ్వాలన్న కోరికే దాన్ని పిలిచింది.

పిలిచినందుకు మేలు కూడా జరిగింది. ఆధార్ కంటే ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలికీ పింఛన్లకూ వేలిముద్రలతో స్మార్ట్‌కార్డులు పెట్టారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో, కోటీ 90 లక్షల జనాభా ఉన్న ప్రాంతంలో, కార్డు ముందు ఏయే మండలాలకు వెళ్లాలో లాటరీ పద్ధతిన తేల్చి, ఫలితాలను పోల్చి చూశారు. 2016లో ప్రచురించారు. కార్డు వచ్చిన చోట కూలి త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యే సొమ్ము తగ్గింది, పాత పద్ధతికంటే ఇదే నయమని అందుకునేవాళ్లలో అత్యధికులు చెప్పారు. అదే బృందం తర్వాత జార్ఖండ్‌లో రేషను దుకాణాలను పరిశీలించింది. అక్కడ ఆధార్ తప్పనిసరి చేయగానే దొంగతనం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు గానీ, ఆధార్ జోడించుకోని కుటుంబాల్లో కొందరికి బియ్యం ఆగిపోయింది. తేడా ఎక్కడుంది? ఆంధ్రలో కార్డు లేదన్న కారణంతో కూలి ఆపలేదు, పాత దారి కూడా తెరిచి ఉంచారు. జార్ఖండ్‌లో ఆ దారి మూశారు. పారపట్టి పారపట్టి గీతలు అరిగిన వేళ్లకు రెండో దారి ఉందా లేదా అన్నదే అంతా తేల్చింది.

ఇక్కడి నుంచి కథ మరింత కష్టమైన మలుపు తిరుగుతుంది. వేలిముద్ర పడకపోతే కనీసం మనిషికి తెలుస్తుంది, డీలరు ఎదుటే ఉంటాడు. యంత్రం తెర వెనకే తీర్పు చెప్పేస్తే? తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ ఉంది. రకరకాల శాఖల దగ్గరున్న వివరాలను పేర్లు, చిరునామాల ఆధారంగా జతచేసి, ఫలానా కుటుంబానికి ఏమేం ఉన్నాయో చెబుతుంది. రేషను కార్డుల ఏరివేతకు దాన్ని వాడారు. రిక్షా తొక్కిన మనిషి ఇంటికి కారు ఉందని తేల్చింది. పేరు దగ్గరగా ఉన్న మరొకరి కారు అది. కార్డు పోయింది, ముందుగా నోటీసు కూడా రాలేదు. ఇలాంటివి పత్రికల్లో వచ్చాయి, వ్యాజ్యాలు నడిచాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటికి వెళ్లి మళ్లీ పరిశీలించాలని రాష్ట్రాన్ని ఆదేశించింది. అంటే దేశపు అత్యున్నత న్యాయస్థానం చివరికి చెప్పిన మాట, మనిషిని పంపి చూసి రమ్మని.

ఇది మన వెనకబాటుతనం వల్ల జరిగిందని ఎవరైనా అనుకుంటే నెదర్లాండ్స్ వైపు చూడాలి. పిల్లల సంరక్షణకు ఇచ్చే సాయంలో మోసాలు పట్టుకోవడానికి అక్కడి పన్నుల శాఖ ఒక ప్రమాద సూచీ వాడింది. రెండు పౌరసత్వాలు ఉండటం కూడా అనుమానానికి లెక్కలోకి వచ్చింది. వేలాది కుటుంబాలను మోసగాళ్లని ముద్రవేసి, ఏళ్ల తరబడి ఇచ్చిన సొమ్మంతా వెనక్కి కట్టమన్నారు. అప్పుల పాలయ్యారు, ఇళ్లు పోయాయి, కాపురాలు విచ్ఛిన్నమయ్యాయి. 2021 జనవరి 15న ప్రధాని మార్క్ రుట్టే ప్రభుత్వం మొత్తం రాజీనామా చేసింది. అంత సమర్థమైన పాలన ఉన్న దేశంలో కూడా, అన్ని సంవత్సరాల పాటు ఆ తల్లిదండ్రులకు దొరకనిది ఒక్కటే: ఎందుకు నన్ను దొంగనన్నారు అని అడిగితే జవాబు చెప్పే మనిషి.

తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి విషయానికి వస్తాను. 2020 అక్టోబరు 29న ఆ పోర్టల్ మొదలైంది. వ్యవసాయ భూమికి రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకే రోజు, ఒకే చోట, తహశీల్దారు కార్యాలయంలోనే. మ్యుటేషను కోసం నెలల తరబడి చెప్పులరిగేలా తిరిగినవాళ్లకు అది చిన్న మేలు కాదు, దాన్ని నేను తక్కువ చేయను. చిక్కంతా కంప్యూటరులోకి ఎక్కిన వివరం తప్పయినప్పుడు వచ్చింది. సర్వే నంబరు కనిపించదు. పట్టా భూమి నిషేధిత జాబితాలో ఉంటుంది. విస్తీర్ణంలో కొన్ని గుంటలు మాయమై ఉంటాయి. ఎదుట కూర్చున్న తహశీల్దారుకు తప్పు కళ్లకు కనిపిస్తున్నా దిద్దే అధికారం ఉండేది కాదు. కలెక్టరుకు పెట్టుకోవాల్సి వచ్చేది, అదీ ఆ రకం తప్పుకు పోర్టల్‌లో ఒక మాడ్యూల్ ఉంటేనే. అప్పటి చట్టం రెవెన్యూ కోర్టులను తీసేసింది, అప్పీలుకు చోటు పెట్టలేదు. మిగిలింది సివిల్ కోర్టు. రెండెకరాల రైతు సివిల్ దావా నడపాలంటే ఒక ఎకరం ముందే అమ్ముకోవాలి. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతి అప్పీళ్లను తిరిగి తెచ్చింది, కొన్ని తప్పులు దిద్దే అధికారాన్ని కిందికి దించింది. ఊరికి మనిషిని తిరిగి పంపడం దానితో ముడిపడిన పనే.

కంప్యూటరు చేయలేక మిగిలిపోయిన పని ఇదే: తప్పు జరిగిందని విని, ఒప్పుకుని, దిద్దే అధికారంతో ఎదుట నిలబడటం. పాత వీఆర్వోల లంచాలు మరిచిపోయి ఈ మాట అనడం లేదు. మనిషి ఉండటం ఒక్కటే సరిపోయి ఉంటే 1984లో కరణాన్ని తీసేయాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఆ మనిషి ఎవరికి జవాబు చెప్పుకోవాలన్నది తేలాలి.

ఈ సంగతి ఆంధ్రప్రదేశ్ అనుభవంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తెలంగాణ మనిషిని తీసేస్తున్న రోజుల్లోనే అక్కడ మనుషులను పెంచారు. 2019 గాంధీ జయంతి నాడు గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. దాదాపు 15 వేల సచివాలయాలు, లక్షకు పైగా కొత్త ఉద్యోగులు. ఇంకో మెట్టు కిందికి దిగి, ఊళ్లలో 50 ఇళ్లకు ఒకరు చొప్పున వాలంటీర్లను పెట్టి నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చారు. ఒకటో తారీఖు తెల్లవారుతూనే పింఛను మంచం దగ్గరకు వచ్చేది. కదలలేని ముసలివాళ్లకు ఆ పలకరింపు విలువ ఎంతో ఆ ఇళ్లలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. దాన్ని ఎగతాళి చేసినవాళ్లు పింఛను కోసం ఎండలో వరుసలో నిలబడి ఉండరు.

కానీ ఆ వాలంటీరు ఉద్యోగి కాడు, సర్వీసు నిబంధనలు లేవు. ఎన్నికైనవాడు కాడు, ఓటరుకు జవాబు చెప్పనక్కర్లేదు. సర్పంచి కింద పనిచేయడు. యాభై ఇళ్ల గుట్టు మాత్రం అతని ఫోనులో ఉంటుంది. అతణ్ణి పార్టీ మనిషిగా చూడటం సహజంగానే మొదలైంది. 2024 ఎన్నికల వేళ ఎన్నికల సంఘం పింఛన్ల పంపిణీ నుంచి వాలంటీర్లను తప్పించింది. ప్రభుత్వం మారాక వ్యవస్థే ఆగిపోయింది. ఆ జులై 1న పెంచిన పింఛను సచివాలయ ఉద్యోగులు ఇళ్లకు తీసుకెళ్లి ఇచ్చారు. గడప దాకా రావడమన్న ఆనవాయితీని కొత్త ప్రభుత్వం కూడా వదులుకోలేకపోయింది. తెచ్చే చేయి మాత్రం నియమాలకు కట్టుబడిన ఉద్యోగిది అయింది. ఇది మంచి మార్పు అని నా అభిప్రాయం. ఆ ఉద్యోగికీ ఊరి సర్పంచికీ ఉన్న సంబంధమేమిటన్నది మాత్రం తేలాల్సి ఉంది.

ఆంధ్రలోనే మరొక ఘట్టం రాజ్యం పాత్రకు సంబంధించి చాలా చెబుతుంది. మన దేశంలో పాసుపుస్తకం ఉన్నంత మాత్రాన భూమి నీదేనని ప్రభుత్వం పూచీ పడదు. రికార్డు ప్రకారం నీదని అనుకోవచ్చునంటుంది, అంతే. వివాదం వస్తే కోర్టు తేలుస్తుంది. ఆస్ట్రేలియాలో 1858లో మొదలైన టోరెన్స్ పద్ధతి వేరు, అక్కడ హక్కుకు రాజ్యమే హామీ. ఆ దారిలో వెళ్లాలని ఆంధ్రప్రదేశ్ భూహక్కు చట్టాన్ని తెచ్చింది, అది 2023 చివర్లో అమల్లోకి వచ్చింది. ఉద్దేశం పెద్దది, మంచిది కూడా. అయినా రైతుల్లో భయం పుట్టింది, లాయర్లు రోడ్డెక్కారు, ఎన్నికల్లో అదొక ప్రధానాంశమైంది, 2024లో కొత్త శాసనసభ దాన్ని రద్దు చేసింది. ప్రచారంలో అతిశయోక్తులు లేకపోలేదు. భయానికి మూలం మాత్రం నిజమైనదే. ఒక అధికారి తప్పుగా నమోదు చేస్తే ఊళ్లోని కోర్టుకు వెళ్లే దారి ఇరుకైపోతుందేమోనన్న భయం అది. రాజ్యానికి ఇంకా పెద్ద బాధ్యత అప్పగించడానికి మన జనం వెనకాడరు. అది తప్పుచేస్తే ఎక్కడికి వెళ్లాలో ముందు తెలియాలి.

ఇప్పుడు రాజ్యం ఫోనులోకి వచ్చింది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ 'మన మిత్ర' పేరుతో వాట్సాప్ పాలన ప్రారంభించింది, తొలి విడతలోనే 161 సేవలు. కువైట్‌లో పనిచేసే కడప మనిషి ఒక ధ్రువపత్రం కోసం సెలవు పెట్టుకుని రానక్కర్లేకపోతే అంతకంటే కావలసిందేముంది! అయితే ఈ సేవ నడిచే వాట్సాప్ మెటా అనే విదేశీ కంపెనీ సొత్తు. దాని నియమాలు రాసేది మన శాసనసభ కాదు. ఎస్టోనియా ఈ విషయంలో మొదటినుంచీ జాగ్రత్తపడింది. 13 లక్షల జనాభా ఉన్న ఆ చిన్న దేశం 2001 నుంచి తన శాఖల సమాచారాన్ని ఎక్స్-రోడ్ అనే సొంత మార్గం ద్వారా నడుపుకుంటోంది. అంతకంటే నాకు నచ్చింది, తన వివరాలను ఏ శాఖ ఎప్పుడు తెరిచి చూసిందో అక్కడి పౌరుడు తానే చూసుకోగలగడం. మనకు 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది గానీ ప్రభుత్వానికి అందులో మినహాయింపులు విశాలంగా ఉన్నాయి. పింఛను తీసుకునే అవ్వ గురించి సర్కారుకు వంద సంగతులు తెలుసు. ఆ వంద సంగతులను ఎవరు చూశారో తెలుసుకునే హక్కు అవ్వకు లేదు.

మరోవైపు అధికారం పైకి పాకుతోంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు పన్ను వేసుకునే స్వేచ్ఛలో పెద్ద భాగాన్ని ఉమ్మడి మండలికి అప్పగించాయి. గుర్తింపు సంఖ్య కేంద్రానిది, చెల్లింపుల మార్గమూ జాతీయమైనదే. కింద ఏముంది? 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు 29 అంశాలను పేర్కొంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు పంచాయతీలకు పాలకవర్గమే లేదు, ప్రత్యేకాధికారులతో నడిచాయి. ఎన్నికైన ఊరి మనిషి లేకపోయినా పింఛన్లు పడ్డాయి, బియ్యం వచ్చాయి. అది చూసి సర్పంచి లేకపోయినా ఫరవాలేదనుకోవడం మొదలైతే, రేపటి రాజ్యం ఢిల్లీలో ఒక సర్వరు, చేతిలో ఒక ఫోను, మధ్యలో శూన్యం. ఈ దారి నాకు భయం కలిగిస్తుంది. సర్వరు చెడ్డదని కాదు. శూన్యంలో నిలబడి ఎవరితోనూ వాదించలేం.

మధ్యలో ఏముండాలో మన నేలే ఒకసారి చేసి చూపించింది. ఉపాధి హామీ మొదలైన ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ ప్రారంభమైంది. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక స్వతంత్ర సంస్థను ఏర్పాటు చేశారు. కూలీల ఇళ్లలోంచి వచ్చిన చదువుకున్న యువతీయువకులకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు ఊళ్లకు వెళ్లి, మస్టర్ రోళ్లు ముందేసుకుని, ఇల్లిల్లూ తిరిగి అడిగేవాళ్లు: నీ పేరున ఇన్ని పనిదినాలు రాసి ఉన్నాయి, నిజంగా చేశావా, ఇంత కూలి నీ చేతికి వచ్చిందా? తేలినదంతా గ్రామసభలో చదివేవాళ్లు. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక జరిగేది. కూలీలు ఒకవైపు, ఫీల్డ్ అసిస్టెంటు నుంచి ఎంపీడీవో దాకా ఒకవైపు, జిల్లా అధికారి ఎదుట. పేరుపేరునా పిలిచి అడిగేవాళ్లు. ఏనాడూ ఆఫీసరు ముందు కూర్చోని ఆడవాళ్లు మైకు పట్టుకుని, నేను ఆ వారం పనికే రాలేదు, నా వేలిముద్ర ఎవరు వేశారని అడిగారు. కొంత సొమ్ము వెనక్కి వచ్చింది, కొందరి ఉద్యోగాలు పోయాయి. రాబట్టాల్సినదంతా రాలేదన్న విమర్శ సరైనదే, చర్యలు చాలాచోట్ల మధ్యలో ఆగిపోయాయి. అయినా 2011లో కేంద్రం దేశమంతటికీ సామాజిక తనిఖీ నియమాలు తెచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ అనుభవమే నమూనాగా నిలిచింది. మన రెండు రాష్ట్రాలూ దేశానికి ఇచ్చిన గొప్ప కానుకల్లో ఇదొకటి. సాఫ్ట్‌వేరు గురించి గర్వంగా చెప్పుకునే మనం దీన్ని అంతే గర్వంగా చెప్పుకోవాలి.

ఆ తనిఖీ పథకాలకు సంబంధించింది. ఒక్కొక్క మనిషి ఫిర్యాదుకు సంబంధించి బీహారు 2015లో ఒక చట్టం చేసి, మరుసటి ఏడాది జూన్ నుంచి అమలు చేస్తోంది. అక్కడ అర్జీ ఇస్తే దాన్ని విచారించడానికి వేరుగా ఒక అధికారి ఉంటాడు. అర్జీదారుకు విచారణ తేదీ ఇస్తారు. ఆ రోజు అర్జీదారూ, ఆ పని చేయాల్సిన శాఖ అధికారీ ఇద్దరూ రావాలి. ఎదురెదురుగా చెప్పుకోవాలి. 60 పనిదినాల్లో రాతపూర్వకంగా ఉత్తర్వు రావాలి. నచ్చకపోతే అప్పీలు ఉంది. భూతగాదాలే అక్కడికి ఎక్కువగా వస్తాయి. బీహారు నుంచి నేర్చుకునేదేముందని మనలో కొందరికి ఒక చులకన ఉంది. అది వదిలిపెట్టాలి.

మన దగ్గర సోమవారం సోమవారం కలెక్టరేట్లలో అర్జీలు తీసుకుంటారు. జనం కాగితాలు పట్టుకుని బారులు తీరుతారు. కలెక్టరు చూసి సంబంధిత శాఖకు రాస్తారు, రసీదు ఇస్తారు. అర్జీ మళ్లీ అదే మండలానికి, చాలాసార్లు ఎవరి మీద ఫిర్యాదో ఆ అధికారి బల్ల మీదకే చేరుతుంది. కొన్నాళ్లకు 'పరిష్కరించబడినది' అని ఫోనుకు సందేశం వస్తుంది. ఎవరు పరిష్కరించారో, ఏమని పరిష్కరించారో అందులో ఉండదు.

రాజ్యం రేపు ఎన్ని రూపాలైనా తీసుకోనివ్వండి. కృత్రిమ మేధ అర్జీలు చదవవచ్చు, అర్హతలు లెక్కకట్టవచ్చు, సొమ్ము పంపవచ్చు. 'అవును' అనే పని యంత్రానికి అప్పగించడానికి నాకు అభ్యంతరం లేదు, అది ఎంత త్వరగా అంటే అంత మంచిది. 'లేదు' అనే పని మాత్రం పేరున్న మనిషి చేయాలి. కార్డు రద్దయినా, పింఛను ఆగినా, మ్యుటేషను తిరస్కరించినా ఇంటికి తెలుగులో ఒక కాగితం రావాలి. కారణం, నిర్ణయించిన అధికారి పేరు, ఏ తేదీన ఏ మండల కార్యాలయంలో విచారణ, అక్కడా కాదంటే ఎవరికి అప్పీలు చేసుకోవాలి, ఇవి అందులో ఉండాలి. ఆ విచారణ ముగిసేదాకా బియ్యం, పింఛను ఆగకూడదు. ఇందుకు కొత్త యాప్ అక్కర్లేదు, మండలానికి ఒక విచారణాధికారి కావాలి. ఆ అధికారి తహశీల్దారు కింద ఉండకూడదు, ఎంపీడీవో కింద ఉండకూడదు, వాళ్లిద్దరినీ పిలిచి కూర్చోబెట్టే అధికారం ఉండాలి. వచ్చే శాసనసభ సమావేశాల్లో మీ ఎమ్మెల్యేను అడగదగిన ప్రశ్న ఇది. బీహారు తన చట్టాన్ని అమలు చేస్తూ పదేళ్లు కావస్తున్నా, అలాంటి విచారణ మన మండలంలో ఎందుకు లేదని అడగండి. సమాధానం రాతలో ఇమ్మని అడగండి.